ఎండను అమ్ముటకు ముందు

కాకినాడ రేవునుండి ఒకప్పుడు ప్రత్తియు నూనెగింజలును పరదేశములకు పోయెడివి. ఇప్పుడు మన యెండయు మన గాలియు ఓడలెక్కుటకు సిద్ధపడుచున్నవి. ఇది కవి చమత్కారము కాదు; వాణిజ్యవార్త. ఎండనుండియు గాలినుండియు విద్యుచ్ఛక్తిని పుట్టించి, ఆ శక్తితో నీటిని విడదీసి ఉదజనిని, అనగా హైడ్రోజనును, వేరుపరచి, దానికి గాలిలోని నత్రజనిని చేర్చి అమోనియాగా మార్చి, చల్లార్చి ద్రవముచేసి జర్మనీకిని జపానుకును పంపవలెనని మన తీరమున పెద్ద యేర్పాటులు జరుగుచున్నవి. 2023 జనవరి 4వ తేదీన కేంద్ర మంత్రివర్గము 19,744 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ హరిత హైడ్రోజన్ ప్రణాళికను అంగీకరించినది. 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నుల ఉదజని ఈ దేశమున తయారు కావలెనని దాని సంకల్పము. 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి విశాఖపట్టణమునకు వచ్చి అనకాపల్లి జిల్లా పూడిమడకలో నిర్మింపబడు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి. దినమునకు 1,500 టన్నుల ఉదజని. 7,500 టన్నుల తదుత్పన్నములు. ఈ సరకు ముఖ్యముగా ఎగుమతి కొఱకేయని ప్రభుత్వమువారి ప్రకటనలోనే యున్నది. కాకినాడలో పాత యూరియా కర్మాగారపు స్థలమున ఏటికి 10 లక్షల టన్నుల అమోనియా లక్ష్యముగా మఱియొక నిర్మాణము తలపెట్టబడినది. అచ్చటి సరకులో ఏటికి రెండున్నర లక్షల టన్నులు కొనుటకై జర్మనీదేశపు యూనిపర్ కంపెనీ 2022 లోనే అవగాహన పత్రము వ్రాసికొనినది.

ఎగుమతికి నేను విరోధిని కాను. ఈ మాట మొదటనే చెప్పుట మంచిది; ఏలయన మన దేశమున ఒక యోజనను గూర్చి ప్రశ్న అడిగినవానిని అభివృద్ధినిరోధకుడనుట పరిపాటియైనది. మనము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి కొనుచున్నాము. సహజవాయువులో సుమారు సగము కొనుచున్నాము. స్వరాజ్యము వచ్చిన నాటినుండి ఇంధనము విషయమున మనము చేయి చాచువారమే గాని చేయి పైనుంచువారము కాము. అట్టి దేశము ఇంధనమును అమ్ముదునని ముందుకు వచ్చుట గర్వింపదగిన విషయమే. రాయలసీమ రాతినేలపై పడు ఎండకు ఒక వెల యున్నదని, పిన్నాపురము కొండలలో పగలు నీటిని పైకెక్కించి రాత్రి క్రిందికి విడిచి విద్యుత్తును నిలువచేయు విద్య మనకు వచ్చినదని తెలిసినపుడు ఏ తెలుగువాడు సంతోషింపడు? ఐనను, సరకు మనదగుట వేఱు, బేరము మనదగుట వేఱు.

కాకినాడకు దక్షిణమున కొలది క్రోసుల దూరమున ఇంజరమను గ్రామము కలదు. నేడు దాని పేరెత్తువారు తక్కువ. పదునెనిమిదవ శతాబ్దమున అది ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి బట్టల కొఠీ. నరసాపురముకడ మాధవాయపాలెమును అట్టిదే. గోదావరీతీరపు నేతగాండ్రు నేసిన వస్త్రములు అచ్చటనుండి సీమకు పోయెడివి. ఆనాడును ఎగుమతి పెరిగినది. ఆనాడును క్రొత్త బజారులు దొరకినవి. కాని కంపెనీవారి బయానా పుచ్చుకొన్న సాలెవాడు మఱియొకరికి గుడ్డ అమ్మరాదనిరి. వెల ఎంతయో కొఠీలోనే నిర్ణయించిరి. మగ్గము వానిది, నూలు వానిది, పనితనము వానిది. కాగితము మాత్రము కంపెనీది. చివరకు కాగితమే గెలిచినది. నేను వృత్తిచేత వకీలును గనుక నాకు వస్తువుకంటె ముందు కాగితము కనబడును. అమోనియా విషయమునను నా ప్రశ్నలు కాగితమును గూర్చినవే.

ముందు వస్తువును కొంత చూతము. పదునేడు పాళ్ల అమోనియాలో మూడు పాళ్లు ఉదజని. కాబట్టి టన్ను అమోనియాకు సుమారు 176 కిలోల ఉదజని కావలెను. కిలో ఉదజనికి 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు పట్టును. నత్రజనిని వేరుచేయుటకును, రెంటిని కలుపుటకును అగుదానిని చేర్చినచో టన్నుకు ఉరమరగా 10,000 యూనిట్లు. 10 లక్షల టన్నులకు 1,000 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడు సామాన్యగృహస్థుల లెక్కను చూచినచో ఇది నలువది లక్షల కుటుంబములకు ఏడాది పొడవున చాలు విద్యుత్తు. ఒక్క కాకినాడ లెక్క ఇది.

నీటిని గూర్చి కొందరు మిత్రులు మిక్కిలి భయపడుచున్నారు. గోదావరి యెండిపోవునని ఒక సభలో ఒకరు కంటతడి పెట్టిరి. లెక్క వేసితిని. 10 లక్షల టన్నుల అమోనియాకు రసాయనశాస్త్రము ప్రకారము కావలసిన నీరు 16 లక్షల టన్నులు. శుద్ధిచేయుటలోను చల్లార్చుటలోను పోవుదానితో అది నాలుగు రెట్లైనను, పదుమూడు వందల యెకరముల వరికి పట్టు నీటికి మించదు. గోదావరి డెల్టాలో సుమారు పది లక్షల యెకరములు సాగగుచున్నవి. లేని భయమును పెంచి నిజమైన భయమును మఱచుట మనకు తగదు. ఎండినచోట, అనగా రాయలసీమలో, ఇట్టి కర్మాగారము పెట్టుదుమన్నచో మాట వేఱు. సముద్రతీరమున నీరు ప్రధానప్రశ్న కాదు.

ప్రధానప్రశ్న రైతు. అమోనియా యనగా మన దేశమున ముందుగా ఎరువు. 2025 వానకాలపు పంటకు తెలుగునాట రైతులు యూరియా బస్తాకొఱకు తెల్లవారకముందే సంఘముల గుమ్మములయొద్ద బారులు తీరిరి. మనుష్యులు నిలువలేక చెప్పులను, పట్టాదారు పుస్తకములను వరుసలో పెట్టిన దృశ్యములు పత్రికలలో మనమందఱము చూచితిమి. మన యూరియాలో చాలభాగము సహజవాయువుతో చేయబడుచున్నది. ఆ వాయువులో అధికభాగము ఓడలపై వచ్చుచున్నది. అదిగాక ఏటేట ఇరువది లక్షల టన్నులకు పైగా అమోనియానే నేరుగా కొనుచున్నాము. విశాఖలోను కాకినాడలోను మిశ్రమపుటెరువుల కర్మాగారములు కలవు. అవి గల్ఫుదేశములు మొదలగు చోట్లనుండి వచ్చు అమోనియాపై ఆధారపడి నడచుచున్నవి. 2022 లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైనపుడు ఆ సరకు టన్ను వేయి డాలర్లను దాటినది.

ఇక ఊహింపుడు. ఒక ఓడ గల్ఫునుండి అమోనియా మోసికొని కాకినాడకు వచ్చును. మఱియొక ఓడ కాకినాడనుండి అమోనియా మోసికొని హాంబర్గునకు పోవును. రెండోడలును రేవులో ఒకదానినొకటి చూచుకొనును. మొదటిదానికి మనము డాలర్లిత్తుము; రెండవదానికి యూరోలు పుచ్చుకొందుము. వచ్చినది చవుక, పోయినది ప్రియము, లాభమే కదా యని వర్తకశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక సంవత్సరపు లెక్కలో అది నిజమే. యుద్ధము వచ్చిన సంవత్సరపు లెక్కలో నిజము కాదు. ఆ యేడు వచ్చెడి ఓడ రాదు. పోయెడి ఓడ మాత్రము ఒడంబడిక ప్రకారము పోయి తీరవలెను.

యూరియాకు అమోనియాతోపాటు అంగారవాయువును కావలెను గనుక, ఎండతో చేసిన అమోనియా మాత్రముచే యూరియా కాదని నిపుణు లొక ఆక్షేపణ చెప్పుదురు. సత్యము. కాని డై అమోనియము ఫాస్ఫేటునకును ఇతర మిశ్రమములకును ఆ చిక్కు లేదు. ప్రభుత్వమే దీనిని గుర్తించి 2025 లో దేశమందలి 13 ఎరువుల కర్మాగారములకై ఏటికి 7.24 లక్షల టన్నుల హరిత అమోనియాను పదేండ్ల నిశ్చితధరకు కొనుటకు వేలము పెట్టినది. మొదటి వేలములో, ఒడిశాలోని పారాదీపు కర్మాగారమునకు, కిలో 55 రూపాయల 75 పైసలకు పాట నిలిచినది. టన్నుకు 55,750 రూపాయలు. 2024 లో జర్మనీదేశపు వేలములో ఈజిప్టు సరకు ఓడకూలి చేరకముందే టన్ను 811 యూరోలు పలికినది. మన వెల దానికంటె ఎంతో తక్కువ. చవుకగా చేయగల నేర్పు మనకున్నదని ఋజువైనది. ఇంత మంచి వార్తను మన పత్రికలు ఒక మూలకు నెట్టినవి. శంకుస్థాపనల బొమ్మలకు మాత్రము మొదటిపుట దొరకినది. ఒక్క పూడిమడకలోనే దినమునకు 7,500 టన్నుల ఉత్పన్నములన్నచో ఏటికి 27 లక్షల టన్నులు. ఇంటికి 7.24 లక్షలు, బయటికి దానికి ఎన్నో రెట్లు! ఇల్లు గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన వరుసను మనము తారుమారు చేయుచున్నామేమోయని నా శంక.

ఇట్లు ముందు రచ్చకెక్కిన దేశములు కలవు. వాని కథ వినదగినది.

ఆస్ట్రేలియా తూర్పుతీరమున క్వీన్సులాండు రాష్ట్రపు గ్లాడ్‌స్టన్ రేవుకడ మూడు గ్యాసు కర్మాగారములు లేచినవి. 2014 సంవత్సరాంతమునుండి ఆ గ్యాసు ద్రవరూపమున ఆసియాకు పోవ నారంభించినది. అంతకుముందు ఆ తీరపుప్రజలు ప్రపంచములోనే చవుకగా గ్యాసు వాడిన వారిలో చేరినవారు. ఓడలు కదలిన పిమ్మట, ఇంటిగ్యాసునకు కూడ టోకియో ధరయే ధరయైనది. కర్మాగారములు గోలపెట్టినవి. 2017 లో ప్రభుత్వము దిగివచ్చి, లోటు కలిగినపుడు ఎగుమతిని నిలుపు అధికారము తనకుండునట్లు నిబంధన చేసికొనవలసి వచ్చినది. అదే దేశపు పశ్చిమరాష్ట్రము మాత్రము 2006 లోనే, ఓడలు నిండకముందే, ఎగుమతి గ్యాసులో నూటికి 15 పాళ్లకు సమానమైనది స్వరాష్ట్రమునకు విడువవలెనని విధించినది. ఆ నిబంధనను చూచి పెట్టుబడిదారులు పారిపోయిరా? లేదు. పశ్చిమ ఆస్ట్రేలియానుండి నేటికిని ఓడలు నిండి పోవుచున్నవి. అచ్చటి గృహస్థునికి తూర్పువానికంటె చవుకగా గ్యాసు దొరకినది. ఒకే దేశము, ఒకే వస్తువు. ముందు వ్రాసిన వారొకరు, పిదప తల పట్టుకొన్న వారొకరు.

ఈజిప్టు కథ వకీళ్లందఱును కంఠస్థము చేయదగినది. నైలునది సముద్రమును చేరుచోట దమియెట్టా రేవునందు గ్యాసును ద్రవముచేయు కర్మాగారమును స్పెయినుదేశపు కంపెనీ యొకటి కట్టినది. 2005 లో ఎగుమతి మొదలైనది. జనము పెరిగిరి, విద్యుత్తు అక్కఱ పెరిగినది, అరబ్బు విప్లవపు కల్లోలము వచ్చినది. ప్రభుత్వము గ్యాసును ఇంటికి మళ్లించినది. 2012 నాటికి దమియెట్టా కర్మాగారము మూలబడినది. 2015 నాటికి ఎగుమతి చేసిన దేశమే గ్యాసు కొన సాగినది. కంపెనీ ఊరకుండలేదు. వాషింగ్టనులోని అంతర్జాతీయ పెట్టుబడి వివాదముల మధ్యవర్తి న్యాయస్థానమునకు పోయినది. 2018 లో తీర్పు వచ్చినది: స్వదేశపు చీకటిని పోగొట్టుటకు గ్యాసు మళ్లించిన ఈజిప్టు 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారమిచ్చుకొనవలెను. తరువాత 2021 నాటికి ఉభయులు రాజీపడిరి. అది వేఱు సంగతి. 2024 వేసవిలో ఆ దేశము మరల దినమునకు కొన్ని గంటలు దీపములార్పుకొని మరల గ్యాసు కొనినది.

ఆ తీర్పు అన్యాయమని కొందఱందురు. నేను అనను. మాట ఇచ్చినవాడు మాట నిలుపుకొనవలెను. లేనిచో ఒడంబడిక యను శబ్దమునకు అర్థము లేదు. నా వాదము అది కాదు. ఏ మాట ఇచ్చుచున్నామో ఇచ్చుటకు ముందు చూచుకొనవలెనని. స్వదేశమున కరవు వచ్చినపుడు, యుద్ధము వచ్చినపుడు, ఎరువు లోటు ఇంత పరిమితిని మించినపుడు ఇంత పాలు సరకు నష్టపరిహారము లేకుండ నిలుపుకొను హక్కు మాకు కలదని మొదటి కాగితములోనే ఒక పంక్తి వ్రాసికొన్నచో, ఇరువది యేండ్ల తరువాత ఎవ్వరును వాషింగ్టను మెట్లెక్కనక్కఱలేదు. ఆ పంక్తి వ్రాసికొనుటకు బేరము కుదురకముందే వీలు.

మన ప్రభుత్వమునకు ఈ విద్య తెలియనిది కాదు. 2022 జూలైలో పరదేశముల ధరలకు ఆశపడి మన చమురుశుద్ధి కర్మాగారములు దేశపు బంకులను పస్తుంచి ఓడలు నింపుచున్నవను భయము కలిగినపుడు, డీజిలు లీటరుకు 13 రూపాయలు, పెట్రోలు లీటరుకు 6 రూపాయలు చొప్పున ఎగుమతిపై పన్ను విధించిరి. 2024 డిసెంబరులో ఆ పన్నును తొలగించిరి. డీజిలునకు వర్తించిన న్యాయము అమోనియాకు ఏల వర్తింపరాదు?

డీజిలు మాట వచ్చినది గనుక క్రొత్త బజారుల స్వభావమును గూర్చి ఒక మాట. 2022 పిమ్మట ఐరోపావారు రష్యా డీజిలును వదలి మన జామ్‌నగరు డీజిలును ఆదరించిరి. రష్యానుండి చవుకగా ముడినూనె కొని, శుద్ధిచేసి, వారికి అమ్మి మనవారు లాభము గడించిరి. బహుదినములు వారు కన్నులు మూసికొనిరి. 2025 జూలైలో కన్నులు తెఱచి, రష్యా ముడినూనెతో చేసిన సరకును 2026 జనవరి 21 నుండి రానీయమని శాసించిరి. ఓడ దాటువఱకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య. ఇందులో వారిని నిందించుటకేమియు లేదు. వారి శాసనము వారి ప్రయోజనమునకు. అమోనియాకును వారు శాసనములు సిద్ధము చేసియే యున్నారు. ఏ సూర్యఫలకము విద్యుత్తుతో ఏ ఉదజని పుట్టినదో ఇప్పటికి నెలవారీ లెక్క చూపిన చాలును. 2030 జనవరినుండి గంటగంటకు లెక్క చూపవలెను. చేతిలో గడియారము వారిది, ఎండ మనది! 2024, 2025 సంవత్సరములలో ఐరోపాలో ఎన్నో ఉదజని యోజనలు వాయిదాపడినవి, కొన్ని మూతపడినవి. జపానులో 2024 లో హెకినాను విద్యుత్కేంద్రమున బొగ్గుతో నూటికి 20 పాళ్లు అమోనియా కలిపి మండించి చూచిరి. అది సాగునో సాగదో, ఏ మేరకు సాగునో వారి పార్లమెంటు తేల్చును గాని మన శాసనసభ తేల్చదు. పరుల పొయ్యిని నమ్మి వంట మొదలుపెట్టినవాడు ఇంటిపొయ్యి ఆరిపోకుండ చూచుకొనవలెను. కాబట్టియే ఇంటి యెరువుల కర్మాగారములను మొదటి కొనుగోలుదారులుగా చేసికొనుట రైతునకే గాక, కర్మాగారము పెట్టినవానికిని క్షేమము. నూటికి 15 పాళ్లని పశ్చిమ ఆస్ట్రేలియావారు వ్రాసికొనిరి. బస్తాకై చెప్పులు వరుసలో పెట్టు దేశము నూటికి 25 అడుగుట న్యాయమని నా యభిప్రాయము.

చౌకదనము ఎచ్చటనుండి వచ్చుచున్నదో అదియు కొంచెము విచారింపవలెను. 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన విధానము ప్రకారము గడువులోపల మొదలైన ఉదజని కర్మాగారములకు అంతర్రాష్ట్ర విద్యుత్తు రవాణా రుసుము 25 ఏండ్లపాటు మాఫీ. స్తంభములు, తీగెలు ఆకాశమునుండి ఊడిపడవు. ఒకనికి మాఫీయైన రుసుము మిగిలినవారి బిల్లులో చేరును. ఆ అమోనియా మన పొలమునకు వచ్చినచో ఆ త్యాగమునకు అర్థము కలదు. జర్మనీ కొలిమికి పోయినచో, గుంటూరులో ఇస్త్రీ బండివాడు హాంబర్గు వర్తకునికి కొంచెము దానము చేసినట్లగును. పసిపరిశ్రమకు పాలుపోయుట తప్పు కాదు. ఎంతకాలము, ఎవరి గోవు పాలు అనునదే ప్రశ్న. ఎగుమతికి పోవు టన్నులకు ఆ మాఫీని క్రమముగా తగ్గించుట యుక్తము.

ఇక ఓడలు. 1906 లో తూత్తుకుడిలో వకీలైన చిదంబరము పిళ్లెగారు స్వదేశీ ఓడల కంపెనీ స్థాపించి తూత్తుకుడి కొలంబోల నడుమ ఓడలు నడపిరి. తెల్లవారి కంపెనీ కూలిని తగ్గించి తగ్గించి ఆయనను దివాలా తీయింప జూచినది. 1908 లో ప్రభుత్వము ఆయనను చెఱసాలకు పంపినది. నేడు ఆ తూత్తుకుడి రేవు ఆయన పేరుననే యున్నది. హరిత ఉదజని కేంద్రములుగా ప్రభుత్వము గుర్తించిన రేవులలో అదియొకటి. ఆ రేవునుండి పోవు అమోనియా ఎవరి ఓడలలో పోవును? మన విదేశవ్యాపారమున నూటికి 95 పాళ్లు పరదేశపు ఓడలపై సాగుచున్నదని, అందులకు ఏటికి 6 లక్షల కోట్ల రూపాయలు చెల్లించుచున్నామని 2025 సెప్టెంబరులో ప్రధానమంత్రియే భావనగరులో చెప్పిరి. అమోనియా మోయు ఓడలు ప్రత్యేకమైనవి; సరకును సున్న క్రింద 33 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. విశాఖలో ఓడలు కట్టుచోటు 1941 నుండి యున్నది. ఈ యెగుమతి మొదలగుచుండగానే అట్టి ఓడలు కొన్నియైనను మన జెండాక్రింద నడుచునట్లు షరతు పెట్టుకొనకున్నచో, మన యెండపై వచ్చు లాభమును సముద్రములోనే సగము జారవిడుచుకొందుము. నీటిని విడదీయు యంత్రములును అట్లే. వానిని ఇచ్చట తయారుచేయుటకు జాతీయ ప్రణాళికలో 4,440 కోట్లు ప్రోత్సాహముగా కేటాయించిరి, మంచిపని. ఆ సొమ్ము విడిభాగములను బిగించు కొట్టములకు గాక, నిజమైన కర్మాగారములకు పోవునట్లు చూచుట అధికారుల విధి.

తీరపువారి మాట చివరకు మిగిలినది. వారి మాట ఎప్పుడును చివరకే మిగులును. కొన్నియేండ్ల క్రిందట ఒక సముద్రతీర గ్రామములో పర్యావరణ విచారణసభకు సేవాదళమువారితో నేనును పోయితిని. పరిశ్రమ పేరు ఇచ్చట అనవసరము. చట్టము ప్రకారము నివేదిక సారాంశమును తెలుగులో పంచిరి. దానిని చదివితిని, పట్టభద్రుడనైన నాకే సగము తెలియలేదు. సభ ముగియు వేళకు ఒక వృద్ధ మత్స్యకారుడు లేచి, "బాబూ, ఆ గొట్టం సముద్రంలో ఎంతదూరం పోద్ది? మా వలలు ఎక్కడెయ్యాల?" అని అడిగెను. వేదికపై నున్నవారు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఒకరు ఉద్యోగములను గూర్చి మాటలాడిరి. గొట్టము దూరమెంతయో ఎవ్వరును చెప్పలేదు. దానిని వ్రాసికొని, జవాబు కొఱకు నేను రెండు దరఖాస్తులు పెట్టితిని.

అమోనియా ఘాటైన విషవాయువు. కాకినాడ, విశాఖ రేవులు దానిని చిరకాలముగా దింపుకొనుచున్నవి గనుక దానితో మెలగు నేర్పు మనకు లేదనలేము. కాని పరిమాణము పెరిగినపుడు నేర్పును పెరుగవలెను. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమ నగరములో గ్యాసు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా దగ్ధమైరి. 2020 మే 7వ తేదీ వేకువన విశాఖ వెంకటాపురములో స్టైరీన్ వాయువు విడివడి పండ్రెండుమంది మరణించిరి. రెండు పర్యాయములును నిద్రించుచున్నవారే బలియైరి. గోదావరి సముద్రగర్భపు గ్యాసు 2009 లో వెలికివచ్చి కాకినాడ తీరమునుండి పదునాలుగు వందల కిలోమీటర్ల గొట్టములో భరూచికి పోయినది. గుజరాతు పరదేశము కాదు. నాకు వారిపై అసూయ లేదు. ఆ గ్యాసును నమ్మి గోదావరి మండలములలో కట్టిన విద్యుత్కేంద్రములు మాత్రము గ్యాసు చాలక మూలబడినవి. అపాయము ఇచ్చట, ఫలము మఱియొకచోట అను అనుభవము తీరపు జనమునకు క్రొత్త కాదని చెప్పుటకే ఈ మాట.

ఇన్ని షరతులు పెట్టినచో కొనువాడు ఒమాను పోవును, ఈజిప్టు పోవును, చిలీ పోవునని సచివాలయములో ఒక మిత్రుడు నన్ను హెచ్చరించెను. పోవచ్చును. కాని కొనువాడు ధర్మమునకు రాలేదు, చవుకకు వచ్చినాడు. మన వెల తక్కువయని వేలములే చెప్పుచున్నవి. ఇరువదియేండ్ల సరఫరా కోరువాడు, అశాంతి లేని తీరమును, మాట మార్చనక్కఱలేని ప్రభుత్వమును కోరును. ముందుగా వ్రాసిన షరతు వానికిని మేలే. వెనుకనుండి వచ్చిన పన్నును చూచియే వాడు బెదరును.

ప్రస్తుతము ప్రజలకు తెలిసినది శంకుస్థాపన ఫలకములపై చెక్కిన అంకెలు మాత్రమే. భూమి ఏ ధరకు ఏ గడువునకు ఇచ్చిరి, సరకులో దేశమునకు పాలు కలదా, వివాదము వచ్చినచో విచారణ అమరావతిలోనా సింగపూరులోనా, ప్రమాదము కలిగినచో గ్రామస్థునికి పరిహార మెవరిత్తురు అనువాని నన్నిటిని ఆయా పత్రములలోనే చదువవలెను. కంపెనీల వ్యాపారరహస్యములు మనకక్కఱలేదు; ధర అంకెలపై సిరా పూసి మిగిలినది చూపినను చాలును. కాకినాడనుండి తొలి ఓడ నిండుటకు ఇంకను వ్యవధి కలదు. ఆ పత్రముల ప్రతులను శాసనసభ బల్లపై పెట్టించుటకు మన ప్రతినిధులకు ఒక్క సమావేశము చాలును.